ముల్లు మధ్యలోనే ఉంది, ఇంజన్ ఉడికిపోయింది: కూలెంట్ వేడిని సరిగ్గా కొలవడం ఎలా?

మూడేళ్ల కిందట ఒక ఏప్రిల్ మధ్యాహ్నం శ్రీశైలం నుంచి హైదరాబాద్ తిరిగి వస్తున్నాం. డ్యామ్ దాటాక ఈగలపెంట వైపు ఎత్తు మొదలవుతుంది కదా, అక్కడ సెకండ్ గేర్‌లో ఎక్కుతున్నాం. పాత డీజిల్ కారు, లోపల ఐదుగురం, ఏసీ నడుస్తోంది. మీటర్ బోర్డులో టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచేదాకా అది కదల్లేదు. ఆవిరి వచ్చాక కదిలింది, కానీ పైకి కాదు, కిందికి! రేడియేటర్ కింది హోస్ పైపు పగిలి నీళ్లన్నీ పోయాయి. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్ వంగింది, దాని కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ కాలింది, హెడ్‌ను చదును చేసే ఫేసింగ్ పని చేయించాల్సి వచ్చింది.

ముల్లు మధ్యలో ఉండగా ఇంజన్ ఎలా కాలిపోయిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ వెతుకులాటలో నేర్చుకున్న కొలిచే పద్ధతే ఇది. పెద్ద సామాను అక్కర్లేదు. రెండు చిన్న పరికరాలు, ఒక ఆదివారం ఉదయం చాలు.

ముల్లు ఎందుకు కదలదు?

ఇప్పటి కార్లలో చాలా వాటికి ముల్లు సెన్సార్ చెప్పినట్టు నడవదు. మధ్యలో కంప్యూటర్ ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, సుమారు 75, 80 డిగ్రీలకు చేరగానే అది ముల్లును మధ్యలోకి తెచ్చి, 105 లేదా 110 దాటేదాకా అక్కడే నిలబెడుతుంది. మామూలు నడకలోనే వేడి పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ముల్లు కూడా అలా ఊగితే నడిపేవాళ్లకు టెన్షన్. అందుకని కంపెనీలే దాన్ని అలా కట్టేశాయి. కాబట్టి ముల్లు మధ్యలో ఉందంటే 82 కావచ్చు, 104 కావచ్చు. రెంటికీ చాలా తేడా ఉంది.

చిన్న కార్లలో కొన్నింటికి ఆ ముల్లు కూడా లేదు. చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు వెలిగేసరికి మీ చేతిలో మిగిలే సమయం చాలా తక్కువ.

అందుకే మనకు అంకె కావాలి. ఆ అంకె నిజమో కాదో చెప్పే రెండో సాక్షి కూడా కావాలి. ఇక్కడ రాసినదంతా ఆ రెండో సాక్షి కోసమే.

ముందు మీ బండి అంకెలు రాసి పెట్టుకోండి

కొలవడానికి ముందు ఎంత ఉండాలో తెలియాలి. మూడు అంకెలు పట్టుకోండి.

మొదటిది థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకునే వేడి. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వ్ అది. చాలా బండ్లకు అది 82 లేదా 88 డిగ్రీలు. పాత వాల్వ్ మార్చేటప్పుడు చూస్తే దాని అంచు మీదే ఆ అంకె ముద్రించి ఉంటుంది. 82 దగ్గర కొద్దిగా తెరుచుకోవడం మొదలై, పూర్తిగా తెరుచుకునేసరికి ఇంకో పది, పన్నెండు డిగ్రీలు పడుతుంది.

రెండోది ఫ్యాన్ తిరగడం మొదలయ్యే వేడి. సాధారణంగా 95కూ 100కూ మధ్య ఉంటుంది, బండిని బట్టి మారుతుంది. సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో చూడండి, దొరక్కపోతే కింద చెప్పినట్టు మీరే కొలవండి.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. అది రేడియేటర్ మూత మీద ఉండే ఒత్తిడి అంకె: 0.9 బార్, 1.1 బార్ అని రాసి ఉంటుంది. ఎక్కువ ఒత్తిడిలో నీరు ఆలస్యంగా మరుగుతుంది, మన ప్రెషర్ కుక్కర్ సంగతే ఇది. వట్టి నీళ్లకు 0.9 బార్ మూత సరిగ్గా పట్టి ఉంటే 119 డిగ్రీల దాకా మరగదు. సగం కూలెంట్, సగం నీళ్లు పోసి 1.1 బార్ మూత పెడితే దాదాపు 130 దాకా ఆగుతుంది. అదే మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే, వట్టి నీళ్లు 100 దగ్గరే బుడగలు కడతాయి. అంటే 105 అనే ఒకే అంకె ఒక బండిలో మామూలు సంగతి, మరో బండిలో ప్రమాదం. అంకెను ఎప్పుడూ మూతతో కలిపి చదవాలి.

చేతులు కాల్చుకోకండి

వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. గుడ్డ వేసి తిప్పుతా, మెల్లగా తిప్పుతా అన్నా వద్దు. మూత కదలగానే లోపలి ఒత్తిడి పోతుంది, 110 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తాయి. ఈ కొలతల్లో దేనికీ వేడి మీద మూత తీయాల్సిన పని లేదు. ఎవరికైనా కాలితే 20 నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పేస్టులూ పసుపూ పూయొద్దు.

కరెంటు ఫ్యాన్ ఉన్న కార్లలో ఇంజన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు. చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులు దాని దగ్గరికి రానివ్వొద్దు. కూలెంట్ తియ్యగా ఉండే విషం. కింద కారితే కడిగేయండి, కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు.

ఏమేం కావాలి?

ఒకటి, బ్లూటూత్ ఓబీడీ స్కానర్. ఈఎల్ఎమ్ 327 పేరుతో దొరికేది. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చితే ఫోన్ యాప్‌లో ఇంజన్ లెక్కలు కనిపిస్తాయి.

రెండు, కే టైప్ థర్మోకపుల్ ఉన్న మల్టీమీటర్. సన్నని రెండు తీగల చివర చిన్న గుండు ఉంటుంది, అది ఎక్కడ తాకితే అక్కడి వేడి చెబుతుంది. ఇది లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడొచ్చు. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు, అది జ్వరం అంకెల దగ్గరే ఆగిపోతుంది. రెండింటిలో ఒకటే కొనగలిగితే థర్మోకపుల్ కొనండి. గన్ వాడటం తేలిగ్గా కనిపిస్తుంది కానీ మోసపోవడమూ అంతే తేలిక.

వీటితో పాటు మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే, వేడికి తట్టుకునే కాప్టన్ టేపు, పాత సైకిల్ ట్యూబ్ ముక్క, ఒక కాగితం, పెన్ను.

మొదట కొలిచేదాన్ని కొలవండి

థర్మోకపుల్‌కు రెండు డిగ్రీల తేడా సహజం. మీ దగ్గరున్నది ఎంత తేడా చూపిస్తుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లే పోయండి. నీళ్లలో ఐసు ముక్కలు తేలేట్టు కాదు, ఐసు మధ్య నీళ్లు ఇరుక్కున్నట్టు ఉండాలి. కలుపుతూ రెండు మూడు నిమిషాలు ఆగి, తీగ చివరను గాజుకు తగలకుండా మధ్యలో ఉంచండి. సున్నా చూపించాలి. తర్వాత గిన్నెలో నీళ్లు తెర్ల కాగుతుండగా, అడుక్కి తగలకుండా ముంచండి. ఇక్కడే చాలామంది 100 రావాలనుకుంటారు. అది సముద్ర మట్టం లెక్క. విజయవాడ, కాకినాడల్లో 100 సరిపోతుంది. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. బెంగళూరులో ఉండేవాళ్లు 97 అనుకోవాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి.

నా మీటర్ ఐసులో 1, మరిగే నీళ్లలో 99 చూపింది. అంటే అన్నిచోట్లా ఒక డిగ్రీ ఎక్కువ చెబుతోంది. మీటర్ వెనక "ఒకటి తీసేయాలి" అని రాసుకున్నాను. మీరూ అలా రాసుకోండి.

తెల్లవారుజామున మొదటి కొలత

బండిని రాత్రి నీడలో పెట్టండి, కనీసం ఎనిమిది గంటలు కదపొద్దు. తెల్లారి ఎండ బానెట్ మీద పడకముందే లేవండి. ఈ పరీక్షకు రెండో గంట దొరకదు. స్కానర్ గుచ్చి, తాళం తిప్పి ఆన్‌లో పెట్టండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. యాప్‌లో రెండు అంకెలు చూడండి: కూలెంట్ వేడి, ఇంజన్ పీల్చుకునే గాలి వేడి. మీ థర్మోకపుల్‌ను ఇంజన్ లోహానికి తాకించి మూడో అంకె తీసుకోండి.

రాత్రంతా చల్లారిన బండిలో నీళ్లు, గాలి, ఇనుము అన్నీ ఒకే వేడికి వస్తాయి. మూడు అంకెలూ రెండు మూడు డిగ్రీల లోపు కలవాలి. కూలెంట్ అంకె ఒక్కటే ఐదారు డిగ్రీలు పక్కకు ఉంటే సెన్సార్ మీదో, దాని వైరు మీదో అనుమానం పెట్టుకోండి. మైనస్ 40 అని వస్తే కప్లర్ (సెన్సార్‌కు వైరు తగిలించే ప్లగ్గు) ఊడింది లేదా వైరు తెగింది.

ఆ మైనస్ 40 ఎక్కడి నుంచి వస్తుందంటే, బండి కంప్యూటర్ వేడిని ఒక్క బైట్‌లో పంపుతుంది. 0 నుంచి 255 వరకు వచ్చే ఆ సంఖ్యలోంచి 40 తీసేస్తే డిగ్రీలు వస్తాయి. యాప్ లేకుండా నేరుగా 01 05 అనే కోడ్‌తో కూలెంట్ వేడి అడిగేవాళ్లు గమనించాలి: జవాబుగా 41 05 82 వస్తే వేడి 82 డిగ్రీలని కాదు. ఆ 82 పదహారు మూలం లెక్కలోది, మన లెక్కలో 130. అందులో 40 తీస్తే 90 డిగ్రీలు.

ఉదయం అంకెలు కలిశాయని అక్కడితో ఆగొద్దు. ఎందుకో చెప్తాను, ఇది అన్నిటికంటే ముఖ్యం.

సెన్సార్ లోపల వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే పూస ఉంటుంది. చాలా కార్లలో వాడే ఒక రకానిది 30 డిగ్రీల దగ్గర సుమారు 1,700 ఓమ్స్, 90 దగ్గర 245 లోపు, 100 దగ్గర 187 చూపిస్తుంది. ఇప్పుడు కప్లర్ పిన్నుకు పచ్చటి చిలుము పట్టి అదనంగా 50 ఓమ్స్ చేరిందనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు 1,700కు 50 కలిస్తే వచ్చే తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. ఉదయం పరీక్షలో పాస్ అయిపోతుంది. అదే 100 డిగ్రీల దగ్గర 187 కాస్తా 237 అవుతుంది, కంప్యూటర్ దాన్ని 91 అని చదువుతుంది. తొమ్మిది డిగ్రీలు కనపడకుండా పోయాయి! ఫ్యాన్ ఆలస్యంగా తిరుగుతుంది, ముల్లు హాయిగా మధ్యలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు నిజం చెప్పి వేడిలో అబద్ధమాడే సెన్సార్ ఇది. దీన్ని పట్టుకోవాలంటే వేడి మీద మళ్లీ కొలవాల్సిందే.

వేడెక్కుతుంటే పక్కనే ఉండండి

ఏసీ ఆపి ఇంజన్ స్టార్ట్ చేయండి. ప్రతి నిమిషానికి అంకె రాసుకోండి, లేదా యాప్‌లో గ్రాఫ్ పెట్టుకోండి. అంకె మెట్లు మెట్లుగా గెంతకుండా నున్నగా పెరగాలి. మధ్యలో 64 నుంచి 40కి పడి మళ్లీ 66కి వస్తే వైరు వదులుగా ఉంది. ఎంతసేపటికీ ఒకే అంకె దగ్గర నిలబడితే సెన్సార్ పాడైందని గుర్తించి కంప్యూటర్ తనకు తోచిన అంకె వేస్తోందేమో చూడండి. ఇంజన్ లైటు కూడా వెలిగి ఉంటుంది. స్కానర్‌లో పీ0117, పీ0118 కోడ్‌లు వస్తే సెన్సార్ సర్క్యూట్ సంగతి. పీ0128 వస్తే ఇంజన్ చేరాల్సినంత వేడికి చేరడం లేదని అర్థం, ఎక్కువసార్లు థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవడం వల్ల వస్తుంది.

మధ్యమధ్యలో రేడియేటర్ పై హోస్ పైపును వేళ్లతో తాకి చూడండి, బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు పైపు చల్లగానే ఉంటుంది. 82, 85 దగ్గర ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడవుతుంది, అదే సమయంలో యాప్‌లో అంకె పెరగడం ఆగి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది కూడా. ఆ క్షణం అంకె రాసుకోండి. అది థర్మోస్టాట్ మీద ముద్రించిన అంకెకు దగ్గరగా ఉంటే మీ సెన్సార్‌కు ఇంకో సాక్ష్యం దొరికినట్టే. స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ పైపు నెమ్మదిగా వేడెక్కుతూ వస్తే వాల్వ్ మూసుకోవడం లేదు.

డీజిల్ బండ్లు నిలబెట్టి ఉంచితే చాలాసేపు వేడెక్కవు. ఒక చుట్టు తిప్పి తీసుకురండి.

తర్వాత ఫ్యాన్ తిరిగేదాకా ఆగండి. ఎంత దగ్గర మొదలైంది, ఎంత దగ్గర ఆగింది, రెండూ రాయండి. మూడుసార్లు తిరిగి ఆగేదాకా చూస్తే మీ బండి నాడి దొరుకుతుంది. ఏసీ వేస్తే ఫ్యాన్ వేడితో పని లేకుండా తిరుగుతుంది కాబట్టి ఏసీ ఆపే ఉంచండి.

రెండో సాక్షిని ఎక్కడ పెట్టాలి?

సెన్సార్ ఎక్కడుందో వెతకండి. ఎక్కువ బండ్లలో సిలిండర్ హెడ్ నుంచి నీళ్లు బయటికి వచ్చే మూతి దగ్గర, థర్మోస్టాట్ డబ్బాకు ఆనుకుని ఉంటుంది. దానికి వీలైనంత దగ్గరగా, కింద నీళ్లు పారే లోహం మీద థర్మోకపుల్ పెట్టాలి. కింది హోస్ దగ్గర పెట్టి పోల్చొద్దు. అక్కడ రేడియేటర్‌లో చల్లబడి వచ్చిన నీళ్లుంటాయి, పది డిగ్రీల తేడా మామూలే. రబ్బరు హోస్ మీద కూడా పెట్టొద్దు, రబ్బరు వేడిని అడ్డుకుంటుంది, బయట కొలిస్తే లోపలి కంటే బాగా తక్కువ వస్తుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఆ చోట మడ్డి తుడిచి, గుండును లోహానికి గట్టిగా ఆనించి కాప్టన్ టేపుతో అంటించండి. దాని మీద సైకిల్ ట్యూబ్ ముక్క కప్పి బిగించండి. ఈ ముక్క లేకపోతే ఫ్యాన్ గాలి గుండును చల్లబరిచి అంకె తగ్గిస్తుంది. తీగను ఎగ్జాస్ట్ వైపు, బెల్టు వైపు పోనివ్వకుండా కట్టి, మీటర్‌ను బయటికి తెచ్చుకోండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి 1,500 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు నిలకడగా ఉంచి, స్కానర్ అంకె, మీటర్ అంకె ఒకేసారి చదవండి. ఒకరు లోపల, ఒకరు బయట ఉంటే మంచిది. లోహం పైభాగం లోపలి నీళ్ల కంటే రెండు నుంచి ఐదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. స్కానర్ 95 అంటూ మీటర్ 91, 92 అంటుంటే రెండూ నిజం చెబుతున్నాయి. మీటర్ స్కానర్ కంటే ఎక్కువ చూపిస్తే జాగ్రత్త పడండి. లోపలి నీళ్ల కంటే బయటి లోహం వేడిగా ఉండటానికి కారణం లేదు. సెన్సార్ తక్కువ చెబుతోంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడేవాళ్లకు రెండు మాటలు. మెరిసే అల్యూమినియం తన వేడిని చూపించదు, చుట్టుపక్కల వేడిని అద్దంలా ప్రతిబింబిస్తుంది. 90 డిగ్రీల లోహం మీద గన్ 45 చూపడం నేను కళ్లారా చూశాను. అదే చోట సైలెన్సర్‌కు కొట్టే మ్యాట్ బ్లాక్ పెయింట్ రూపాయి బిళ్లంత పూసి, ఆరాక కొలవండి, నిజం చెబుతుంది. గన్‌లో ఎమిసివిటీ అంకె (ఉపరితలం తన వేడిని ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పేది) 0.95 ఉండాలి. ఇక దూరం: గన్ మీద 12:1 అని ఉంటే 12 సెంటీమీటర్ల దూరం నుంచి ఒక సెంటీమీటర్ చోటు వేడి చదువుతుంది. 60 సెంటీమీటర్ల నుంచి కొడితే ఐదు సెంటీమీటర్ల చోటు సగటు వస్తుంది, అందులో పక్కనున్న పైపులూ వైర్లూ కలిసిపోతాయి. ఎర్ర చుక్క పడిన చోటే కొలుస్తుందని అనుకోవద్దు, అది గురి కోసం మాత్రమే.

అంకెలు కలవకపోతే

ముందు ఖర్చు లేని పని. ఇంజన్ ఆపి, చల్లారాక సెన్సార్ కప్లర్ తీసి పిన్నులు చూడండి. చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గట్టిగా నొక్కి పెట్టి మళ్లీ కొలవండి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా విప్పి శుభ్రం చేసి బిగించండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

ఆ తర్వాత ఎయిర్ లాక్. ఈమధ్య కూలెంట్ మార్పించారా? సెన్సార్ కొన నీళ్లలో కాకుండా గాలి బుడగలో ఉంటే అది నీళ్ల వేడి చెప్పలేదు. ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేలా బండి పెట్టి, హీటర్ పూర్తి వేడిలో తిప్పి, గాలి పోయేదాకా ఇంజన్ నడపండి. చల్లారాక కూలెంట్ మట్టం చూసి నింపండి. కొన్ని బండ్లకు గాలి వదలడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉంటుంది.

అప్పటికీ తేడా ఉంటే సెన్సార్ విప్పాలి, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీదే. విప్పితే కొంచెం కూలెంట్ కారుతుంది, కింద పళ్లెం పెట్టండి. కొత్త వాషర్ తెచ్చుకోండి. కొన మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంటే అది బోరు నీళ్ల పుణ్యం. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తే సున్నం గట్టిపడి సెన్సార్‌కు దుప్పటి కప్పినట్టవుతుంది, వేడి దానికి ఆలస్యంగా చేరుతుంది. ఇక నుంచి కూలెంట్‌లో బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే కలపండి.

మళ్లీ వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, సెన్సార్‌ను అడుక్కి తగలకుండా వైరుతో వేలాడదీయండి, పక్కనే థర్మోకపుల్. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెండు పిన్నుల మధ్య చదవండి. మీకు ఒకే మల్టీమీటర్ ఉంటే వేడి, ఓమ్స్ మార్చి మార్చి చూసుకోవచ్చు. సన్నని మంట మీద నెమ్మదిగా వేడి చేయండి. నేను పైన చెప్పిన రకానికి 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్స్, 40కి 1,175, 60కి 600, 80కి 320 వస్తాయి. మీ బండిది వేరే రకం కావచ్చు, దాని మాన్యువల్ పట్టికతో పోల్చండి. పట్టిక దొరక్కపోయినా అంకె గెంతకుండా పడుతూ ఉందో లేదో తెలుస్తుంది.

ట్రాక్టర్లు, పాత బండ్లు

పాత ట్రాక్టర్లకు స్కానర్ సాకెట్ ఉండదు. కొన్నింటికి కరెంటు లేని గేజ్ ఉంటుంది. ఇంజన్‌లో ఒక చిన్న బుడ్డి, దాన్నుంచి మీటర్ దాకా సన్నని రాగి గొట్టం. బుడ్డిలోని ద్రవం వేడెక్కి ఒత్తిడితో ముల్లును తిప్పుతుంది. నా దృష్టిలో ఇది చాలా నిజాయితీ గల గేజ్, ఎందుకంటే మధ్యలో దాన్ని సవరించే కంప్యూటర్ లేదు. చల్లారిన ఇంజన్‌లోంచి బుడ్డి విప్పి మరిగే నీళ్లలో పెట్టండి, ముల్లు మీ ఊరి మరుగు వేడి చూపాలి. గొట్టాన్ని మాత్రం మడవొద్దు. ఒక్కసారి నలిగితే గేజ్ మొత్తం మార్చాల్సిందే.

ఒకే వైరు ఉన్న సెన్సార్లకు ఎర్త్ మర చుట్టు ద్వారా ఇంజన్‌కే అందుతుంది. లీక్ కాకుండా ఉండాలని దానికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఆ దారి మూసుకుపోయి గేజ్ తక్కువ చూపిస్తుంది. మంచి ఉద్దేశంతో చేసే ఈ తప్పు పల్లెల్లో చాలాచోట్ల చూశాను.

ఇక రోడ్డు మీద

ఫోన్ స్టాండ్‌లో పెట్టి కూలెంట్ అంకె పెద్దగా కనిపించేట్టు ఉంచండి, చదివే పని పక్కన కూర్చున్నవాళ్లకు అప్పగించండి. మాన్యువల్ వేరే చెప్పకపోతే నేను పాటించే లెక్క ఇది. 85 నుంచి 100 మామూలు. ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు 105 వస్తే ఏసీ ఆపి, గేర్ తగ్గించి, యాక్సిలరేటర్ తేలిక చేస్తాను. 110 అయితే హీటర్ పూర్తిగా తిప్పి అద్దాలు దించేస్తాను. లోపల అందరికీ ఉక్కపోస్తుంది కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. 115 దాకా రానివ్వను, దానికి ముందే పక్కకు తీసి ఆపుతాను. నీళ్లు ఉన్నాయని ఖాయమైతే, ఫ్యాన్ తిరుగుతుంటే, ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ నడవనిచ్చి ఆపడం మంచిది.

ఎత్తు ఎక్కుతుండగా అంకె ఉన్నట్టుండి 100 నుంచి 80కి, 70కి పడితే ఊపిరి పీల్చుకోకండి. వెంటనే పక్కకు తీసి తాళం తిప్పి ఇంజన్ ఆపేయండి. నీళ్లు పోయాయి. సెన్సార్ ఇప్పుడు కొలిచేది ఖాళీ గదిలోని గాలిని, పక్కనే హెడ్ కాలిపోతూ ఉంటుంది. ఆ రోజు ఈగలపెంట దగ్గర మా ముల్లు కిందికి దిగడానికి కారణం ఇదే.

కొలిచిన అంకెలు కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్ మూత లోపల అంటించండి. మా కారులో ఉన్న కాగితం ఇలా ఉంది: ఉదయం కూలెంట్ 27, గాలి 28. థర్మోస్టాట్ 83. ఫ్యాన్ 97కి మొదలు, 92కి ఆఖరు. స్కానర్ 95 ఉన్నప్పుడు మీటర్ 92. మూత 0.9 బార్. కింద చివరి వరుస పోయిన మే నెలలో రాసింది: డ్యామ్ నుంచి ఈగలపెంట, ఐదుగురు, ఏసీ ఆన్, సెకండ్ గేర్, 101.